తుపాకి మణికట్టు మీది శాసనం

మా చిన్నతనంలో పంటలు ఇళ్లకు చేరిన తరువాత ఊరిలోకి పిట్టల దొర వచ్చేవాడు. కొందరు అతనిని తుపాకి రాముడు అని కూడా అంటారు. ఒంటి మీద ఖాకీ అంగీ, తల మీద పాత టోపీ, భుజాన కట్టె తుపాకి. గడప ముందర నిలబడి, తాను ఎన్ని పులులను చంపాడో, ఏ దొర తనకు ఎన్ని ఊళ్లు ఇనాముగా ఇచ్చాడో కోతలు కోసేవాడు. మేము పడిపడి నవ్వేవాళ్లం. ఆ తుపాకి పేలదని అందరికీ తెలుసు. పేలేది ఆయన నోరే.

ఉద్యోగ విరమణకు కొద్ది ముందు ఒక నిజమైన తుపాకిని పరిశీలించవలసి వచ్చినప్పుడు నాకు ఆ పిట్టల దొర గుర్తుకు వచ్చాడు. ప్రతి పాత తుపాకి వెనుక ఒక కథ ఉంటుంది. ఆ కథ తుపాకి చెప్పినదా, దానిని మోసినవాడు చెప్పినదా అన్నది తేల్చుకోవడమే కష్టం. ఈ వ్యాసం ఆ కష్టాన్ని గురించినది. నేను ఆయుధశాస్త్రం చదివినవాడిని కాను, తెలుగు పండిత శిక్షణ పొందినవాడిని. అయినా పాఠనిర్ణయానికి మా గురువులు నేర్పిన పద్ధతి ఇనుము విషయంలోనూ పనికివచ్చింది. అందువల్లనే ఈ నాలుగు మాటలు రాయడానికి సాహసిస్తున్నాను.

ముందుగా మాటల సంగతి. తుపాకి అన్నది తురుష్క భాషల నుండి వచ్చి తెలుగులో స్థిరపడిన పదం. తోపు కూడా అటువంటిదే. మా ప్రాంతంలో ఉర్దూ ప్రభావం వలన బందూకు అన్న మాట కూడా వాడుకలో ఉంది. గొట్టం ముందు నుండి మందు కూరి పేల్చే నాటు తుపాకిని ఆదిలాబాదు, కరీంనగరం పల్లెల్లో భర్మారు అంటారు. నింపి కొట్టేది అని దాని అర్థం. ఇక పోలీసుల భుజాన వేలాడిన పొడుగాటి తుపాకిని చదువు రానివారు కూడా త్రీ నాట్ త్రీ అనే పిలిచారు. ఒక అంకె పేరుగా మారి జనం నోళ్లలో ఇంతగా నానిన సందర్భం మరొకటి నాకు తోచడం లేదు.

ఇది జరిగి సుమారు పదేళ్లు అవుతున్నది. గోదావరికి దగ్గరలో, పాత కరీంనగర్ జిల్లాలోని ఒక ఊరు. ఊరి పేరు, ఇంటి పేరు చెప్పను. నా పూర్వవిద్యార్థి ఒకడు దుబాయి నుండి వచ్చి పాత ఇల్లు విప్పించి కొత్తది కట్టుకోబోతున్నాడు. గూనపెంకులు దించుతుంటే దూలానికీ గోడకూ మధ్య గోనెసంచిలో చుట్టి, తాళ్లతో బిగించి ఉన్న పొడుగాటి మూట ఒకటి దొరికింది. విప్పితే తుపాకి. ఆ రాత్రే నాకు ఫోను చేశాడు. "సార్, ఇది మా తాత రజాకార్ల దగ్గర గుంజుకున్న తుపాకి. బాపమ్మ చిన్నప్పటి నుండి చెప్పేది. ఇంగ్లీషోళ్ల కాలం నాటిది. ఇట్లాంటివి లక్షలు పలుకుతాయట. మీరు ఒకసారి చూసి ఎన్నటిదో చెప్పాలి" అన్నాడు.

ధర సంగతి తరువాత, ముందు ఠాణాకు తెలియజేయవలసి ఉంటుందని నేను అప్పుడే చెప్పాను. సరేనన్నాడు. మర్నాడు ఉదయమే వెళ్లాను. లోపల తూటా ఉందో లేదో చూడనిదే దాని దగ్గరకు ఎవరినీ పోనివ్వవద్దని చెప్పి, సైన్యంలో పనిచేసి వచ్చిన వారి బంధువును పిలిపించాను. ఆయన బోల్టు వెనక్కి లాగి చూసి, ఖాళీగా ఉందని నిర్ధారించిన తరువాతనే మేము చుట్టూ కూర్చున్నాం.

అప్పటికే ఒక పొరపాటు జరిగిపోయింది. ఇంటి కుర్రవాడు ఒకడు తుప్పు పోవాలని గరుకు కాగితంతో గొట్టం ఒక పక్క రుద్దాడు. పాత ఇనుము మీది ముద్రలు శిలాశాసనంలోని అక్షరాల వంటివి. వాటిని రుద్దితే కుదురుగా కనబడవు, అరిగిపోతాయి. శాసనాల మీద సున్నం పూసినవారిని నేను చూశాను, బండ మీది అక్షరాలను కొత్తగా చెక్కించినవారిని చూశాను. అందరి ఉద్దేశమూ మంచిదే. నష్టం మాత్రం పూడ్చలేనిది. పాత వస్తువుకు సేకర్తలు కట్టే విలువలో సగం దాని తుప్పు కింద, మసి కింద, ఎవరూ ముట్టని పైపొరలోనే ఉంటుంది. కుర్రవాడిని వారించి, మెత్తని గుడ్డతో దుమ్ము మాత్రం తుడిపించి, భూతద్దం పట్టుకున్నాను.

కళాశాలలో చదివేటప్పుడు నేను ఎన్.సి.సి.లో ఉన్నాను. కవాతుకు మాకు ఇచ్చినవి త్రీ నాట్ త్రీలే. గురి నేర్పడానికి మాత్రం సన్నని .22 తుపాకులు ఉండేవి. కవాతు తుపాకుల మీద డి.పి. అన్న అక్షరాలు కొట్టి ఉండేవి. అవి పేల్చడానికి కాదు, కవాతుకు మాత్రమే అని దాని అర్థం. సుమారు నాలుగు కిలోల బరువును భుజాన మోసి మోసి దాని అంగాల పేర్లు కంఠస్థమయ్యాయి. నలభై ఏళ్ల తరువాత ఆ విద్య ఇలా అక్కరకు వస్తుందని అనుకోలేదు.

తుపాకిని గుర్తించడానికి మొదట చూడవలసినది దాని జాతి. మన ప్రాంతంలో తిరిగిన తుపాకుల వంశవృక్షం స్థూలంగా ఇలా ఉంటుంది. తొలినాటివి వత్తి ముట్టించి పేల్చేవి, జామగి తుపాకులు. తరువాత చెకుముకి రాయితో నిప్పు పుట్టించేవి. ఆ తరువాత చిన్న రాగి టోపీ పెట్టి కొట్టేవి. ఇవన్నీ గొట్టం ముందు నుండి మందు కూరేవే. 1853 నాటి ఎన్‌ఫీల్డు ఈ మూడవ రకానిది. దాని తూటా కాగితానికి పూసిన కొవ్వే 1857 నాటి సిపాయీల ఆగ్రహానికి నిప్పంటించిన కారణాలలో ఒకటి. 1866లో వచ్చిన స్నైడరు, 1871లో వచ్చిన మార్టినీ-హెన్రీ వెనుక నుండి తూటా పెట్టేవి, కాని ఒక్కసారికి ఒక్క తూటాయే. 1888లో వచ్చిన లీ-మెట్‌ఫర్డుతో .303 తూటా, దాని వెనుకనే 1895లో లీ-ఎన్‌ఫీల్డు వచ్చాయి. మన త్రీ నాట్ త్రీ ఈ చివరిదానికి సంతానం. .303 అంటే గొట్టం లోపలి వ్యాసం, అంగుళాలలో. మ్యాగజీనులో పది తూటాలు పడతాయి.

ఇక్కడ చరిత్ర విద్యార్థులు గమనించవలసిన ముచ్చట ఒకటి ఉంది. 1857 తరువాత ఆంగ్లేయులకు దేశీయ సిపాయి మీద నమ్మకం పోయింది. అందువల్ల వారు దేశీయ పటాలాలకు గొట్టంలో గాడులు లేని, నునుపు తుపాకులు తయారు చేయించి ఇచ్చారు. గాడి లేకపోతే గుండుకు తిరుగుడు ఉండదు, తిరుగుడు లేకపోతే దూరపు గురి కుదరదు. ఆ తరువాత కూడా తెల్ల సిపాయి చేతిలో కొత్త తుపాకి ఉంటే నల్ల సిపాయి చేతిలో ఒక తరం పాతది ఉండేది. ఇషాపూరు కర్మాగారంలో .303లను నునుపు గొట్టంతో, ఒక్క తూటా పెట్టే .410 మస్కట్లుగా మార్చి పోలీసులకు, కావలివారికి ఇచ్చారు. పాలకుడు పాలితుడిని ఎంత నమ్మాడో కొలవాలంటే దస్తావేజులు వెదకనక్కరలేదు. గొట్టంలోకి తొంగి చూస్తే చాలు.

మా ప్రాంతానికి ఆయుధాలతో సంబంధం తుపాకి కంటే పాతది. నిర్మలు, కోనసముద్రం ప్రాంతాల ఉక్కు పర్షియా దాకా వెళ్లింది. అక్కడి వర్తకులు స్వయంగా వచ్చి ముద్దలు ఏరి కొనుక్కుపోయేవారని 19వ శతాబ్ది తొలి భాగంలో ఈ ప్రాంతం చూసిన వాయిసీ రాశాడు. 18వ శతాబ్దిలో ఇబ్రహీం ధంసా కాలంలో నిర్మలు, జగిత్యాల కోటలు తోపుల యుద్ధానికి తగినట్టు లేచాయి. జగిత్యాల కోట నక్షత్రాకారం ఐరోపా పద్ధతిది. జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్ల పేర్ల మీద జగిత్యాల అన్న పేరు వచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. పక్కనే ఉన్న పొలాస రాజధానిగా 12వ శతాబ్దిలో ఏలిన జగ్గదేవుని పేరు మీద వచ్చిందని మరొక వాదం. ఈ జగ్గదేవుడు అనుమకొండను ముట్టడించిన సంగతి 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనంలో ఉంది. జాక్, తాల్ కథ వినడానికి బాగుంటుంది. అయితే వినడానికి బాగుండటం వేరు, సాక్ష్యం వేరు. ఇంటింటి తుపాకి కథలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఇక అసలు వస్తువు. లీ-ఎన్‌ఫీల్డు తుపాకికి చెక్క కుందా, ఇనుప దేహం కలిసే చోట ఇనుప పట్టీ వంటిది ఉంటుంది. దానిని తుపాకి మణికట్టు అనుకోవచ్చు. బోల్టు పిడికి కింద, కుడి వైపున, దాని జన్మపత్రిక చెక్కి ఉంటుంది. పైన కిరీటం. దాని కింద రాజు పేరులోని పొడి అక్షరాలు. వి.ఆర్. అంటే విక్టోరియా రాణి. ఇ.ఆర్. అంటే 1901 నుండి 1910 దాకా ఏలిన ఏడవ ఎడ్వర్డు. జి.ఆర్. అంటే జార్జి. చక్రవర్తి అన్న మాట కూడా చేర్చి జి.ఆర్.ఐ. అని కొట్టినవి ఇషాపూరులో తరువాతి కాలంలో తయారైనవి. వాటి కింద కర్మాగారం పేరు, సంవత్సరం, నమూనా పేరు. మన శాసనాలలో స్వస్తిశ్రీ తరువాత రాజు బిరుదులు, శకవర్షం, దాత పేరు వచ్చినట్టే ఈ వరుస కూడా తప్పదు.

కూటశాసనాలు ఉన్నట్టే కూట తుపాకులూ ఉన్నాయి. వాయవ్య సరిహద్దులోని పఠానుల పల్లెల్లో, ముఖ్యంగా దర్రా ఆదం ఖేల్‌లో, చేత్తో చేసిన నకళ్లు ప్రసిద్ధం. ఆంగ్లం రాని కమ్మరి చెక్కడం వలన వాటిలో కొన్నింటి మీద అక్షరాలు తిరగబడి ఉంటాయి. కొన్నింటి మీద వి.ఆర్. అని ఉండి, కింద 1905 అనో 1910 అనో ఉంటుంది. విక్టోరియా రాణి 1901 జనవరి 22న కాలం చేసింది. చనిపోయిన రాజు పేరిట దానశాసనం ఉంటే ఏమంటామో ఇక్కడా అదే అనాలి.

మా ముందున్న తుపాకి నకలు కాదు. మణికట్టు మీద కిరీటం, జి.ఆర్., కింద బర్మింగ్‌హాములోని బి.ఎస్.ఎ. కంపెనీ పేరు, 1917, పొట్టి లీ-ఎన్‌ఫీల్డు మూడవ నమూనా, పక్కన చుక్క గుర్తు. 1907 నాటి మూడవ నమూనాలో ఉన్న కొన్ని భాగాలను మొదటి ప్రపంచయుద్ధపు తొందరలో, 1916లో, తీసివేసి తయారు చేసినదానికి ఆ చుక్క గుర్తు. పక్కన బాణపు మొన, దాని కింద ఆంగ్లంలో ఐ అక్షరం. బాణపు మొన ప్రభుత్వ ఆస్తికి గుర్తు, ఐ ఇండియాకు. రెండు బాణాలు మొనకు మొన ఆనుకొని ఉంటే ప్రభుత్వం దానిని మిగులు సరుకుగా అమ్మివేసిందని అర్థం. ఆ రెండవ బాణం కోసం మూల మూలా వెదికాను. లేదు.

నా విద్యార్థి ముఖం వికసించింది. 1917 అంటే నిజాము కాలమే కదా, తాత కథ నిజమే కదా అన్నాడు. నేను తొందరపడవద్దన్నాను. మణికట్టు మీది సంవత్సరం పుట్టిన సంవత్సరమే, ఈ ఇంటికి వచ్చిన సంవత్సరం కాదు. అది పూర్వావధిని మాత్రమే చెప్తుంది. 1917కు ముందు ఇది ఇక్కడ ఉండటానికి వీలు లేదు, అంతే. ఒక తాళపత్రం మీద నన్నయ పేరు ఉన్నంత మాత్రాన ఆ ఆకు నన్నయ నాటిది అవుతుందా?

నిజానికి తాత కథ నమ్మదగనిదేమీ కాదు. 1948లో ఈ ప్రాంతం ఆయుధాలతో నిండి ఉంది. ఆ ఏడాది సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానచోదకుడు ఐరోపాలో యుద్ధం తరువాత మిగిలిన ఆయుధాలను కరాచీ మీదుగా నిజాం రాజ్యానికి విమానాలలో చేరవేశాడు. మార్చి 14న హుస్నాబాదు ప్రాంతంలోని మహ్మదాపూరు గుట్టల దగ్గర అనభేరి ప్రభాకరరావు, ఆయన సహచరులు నిజాం పోలీసుల కాల్పుల్లో అమరులయ్యారు. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ నాలుగైదు రోజుల్లో పారిపోతున్న రజాకార్లు ఆయుధాలను బావుల్లో, వాగుల్లో పారవేశారని మా పెద్దలు చెప్పగా విన్నాను. కనుక 1917 నాటి తుపాకి 1948లో ఒక రైతు చేతికి రావడం అసంభవం కాదు.

అయితే పాఠనిర్ణయంలో ప్రక్షిప్తం అనే చిక్కు ఒకటి ఉంటుంది. పాత గ్రంథంలో తరువాతివారు చేర్చిన పద్యం అన్నమాట. తుపాకికీ ప్రక్షిప్తాలు ఉంటాయి. చెక్క మారుతుంది, బోల్టు మారుతుంది, గొట్టం అరిగితే గొట్టం మారుతుంది. అందుకే సేకర్తలు మొదట అంకెలు పోల్చి చూస్తారు. దేహం మీద, బోల్టు పిడి వెనుక, గొట్టం మీద, గురి పలక మీద, ముక్కు భాగం మీద ఒకే వరుస అంకె ఉంటే దానికి విలువ ఎక్కువ. మాదానిలో దేహానికీ బోల్టుకూ అంకె కలిసింది. ముక్కు భాగం అంకె వేరు. ముందు చెక్కకు అడ్డంగా బిగించిన మర, ఇషాపూరు వారు బలం కోసం వేసేది, ఇందులో ఉంది. అంటే ఇది ఎప్పుడో ఒకసారి ఇషాపూరు కర్మాగారంలో మరమ్మతు పొందింది.

గొట్టం మొదట్లో, కుర్రవాడి గరుకు కాగితం తగలని వైపు, రెండు అంకెలు కనిపించాయి. 56. పక్కన గోరంత ముద్ర. నా విద్యార్థి తమ్ముడు గంతువేసి, "1856! రాంజీ గోండు కాలం నాటిది సార్" అన్నాడు. 1860లో నిర్మలులో ఉరికంబమెక్కిన రాంజీ గోండు పేరు ఆ కుర్రవాడి నోట రావడం నాకు సంతోషమే కలిగించింది. అయితే 1856లో .303 లేదు. 1917లో పుట్టిన దేహానికి 1856 నాటి గొట్టం ఉండదు. భూతద్దం మరికొంచెం దగ్గరగా పెట్టి ఆ ముద్ర చూశాను. కిరీటం కాదు. సింహాలు. అశోకస్తంభం.

నేను కొంతసేపు మాట్లాడలేదు. అశోకస్తంభం 1950లో మన రాజముద్ర అయింది. అంటే 1956లో ఈ తుపాకి ప్రభుత్వం చేతిలోనే ఉంది. కొత్త గొట్టం వేయించుకొని, ముద్ర కొట్టించుకొని ఏదో ఆయుధాగారానికి పోయింది. అటువంటప్పుడు 1948 నుండి ఈ దూలం మీద పడుకొని ఉండటం సాధ్యం కాదు. తాత కథ నిలవదు.

ఆ తరువాత చూసినది కుందా. పోలీసు, సైనిక ఆయుధాగారాలలో తుపాకి కుందా మీద రంగుతో వరుస సంఖ్య వేస్తారు. ఈ కుందా మీద అరచేతి వెడల్పున చెక్కను కత్తితో గీకివేసిన గుర్తు ఉంది. ఓడిన రాజు పేరును శాసనంలో చెక్కివేసినట్టుగా. అంకె పోయింది, కాని గీకిన గాయం మిగిలింది. ఒక్కొక్కసారి లేని అక్షరం ఉన్న అక్షరం కంటే ఎక్కువ చెప్తుంది.

మా జిల్లాలలో పుట్టి పెరిగినవారికి ఆ గాయాన్ని చదవడం కష్టం కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర, ఆ మరుసటి నెలలోనే సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి కాల్పులు. ఆపైన రెండు దశాబ్దాలకు పైగా ఒక వైపు ఠాణాలు, మరొక వైపు దళాలు. ఆ కాలంలో త్రీ నాట్ త్రీ ఇరుపక్షాల ఆయుధం. పోలీసుల భుజాన ఉన్నదే దాడి తరువాత దళం భుజానికి మారేది. లైసెన్సు తుపాకి ఉన్న ఇంటికీ నిద్ర లేదు. ఇవ్వకపోతే అన్నలతో భయం, ఇస్తే పోలీసులతో భయం. నేను పనిచేసిన బడులలో ఆ ఏళ్లలో హాజరుపట్టీ నుండి కొన్ని పేర్లు చెప్పాపెట్టకుండా మాయమయ్యేవి. మేము కారణం అడిగేవాళ్లం కాదు.

ఇంతసేపూ అరుగు మీద కూర్చొని వింటున్న ముసలమ్మ, నా విద్యార్థికి బాపమ్మ, ఎనభై దాటిన మనిషి, అప్పుడు నోరు తెరిచింది.

"సారూ, గా నెంబర్లు అన్నీ జెప్తయా?"

"అన్నీ చెప్పవమ్మా. ఏ ఏడు చేసిందీ, ఎక్కడ చేసిందీ చెప్తాయి."

"ఎవలు దెచ్చి పెట్టిన్రో గూడ జెప్తయా?"

"లేదమ్మా. పేరు చెప్పవు."

ఆమె కొంగు సవరించుకొని ఊరకుంది. నేను కూడా ఊరకున్నాను. మనుమలు ఇద్దరూ మా ముఖాలు మార్చి మార్చి చూశారు. కొంతసేపటికి ఆమె, ఎవరితోనో కాక తనలో తాను అనుకున్నట్టు, "మా మరిది పెట్టిండు. నా ఎన్కెన్క తిరిగి పెరిగిన పోరడు. ఒక్క రాత్రి అచ్చిండు. బువ్వ తిన్నడు. వదినా, ఇది జర పైలం, మళ్ల అస్త అన్నడు. రాలే" అంది.

వాళ్ల చిన్న తాత ఒకాయన బొంబాయికి పోయి అక్కడే కలరాతో చనిపోయాడని ఆ పిల్లలకు తెలిసిన చరిత్ర. ఆ రాత్రి భర్తతో కలిసి మూటను దూలం మీదికి ఎక్కించినది ఈమే. పిల్లలు ఎప్పుడైనా దానిని చూసి అడిగితే ఏమి చెప్పాలో ఆలోచించి, రజాకార్ల కథ అల్లినదీ ఈమే. 1948 నాటి తుపాకి ఇంటికి గౌరవం, 1980ల నాటి తుపాకి ఇంటికి ఉరి. అందుకని ఒక ముప్పయి ఏళ్లు వెనక్కి జరిపింది.

కథ అబద్ధమని తేల్చినందుకు నాకు సంతోషం కలగలేదు. పండితుడు ప్రక్షిప్త పద్యాన్ని గుర్తించి పక్కన పెడతాడు. కాని ఆ పద్యాన్ని ఎవరో, ఏదో అవసరం కొద్దీ రాశారన్న సంగతిని మరిచిపోకూడదు. ఆ అవసరం కూడా చరిత్రే. రజాకార్ల కథ 1948కి సాక్ష్యం కాదు. ఒక తల్లి వంటి మనిషి రెండు భయాల మధ్య ఇల్లు ఎలా కాపాడుకుందో దానికి సాక్ష్యం.

ఇక ధర. నా విద్యార్థి ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు, కాని ఇటువంటి మూటలు దొరికే ఇతరుల కోసం చెప్తున్నాను. విదేశాలలో 1917 నాటి బి.ఎస్.ఎ. తుపాకికి కొనేవారు ఉన్నారు. అక్కడ అది మిగులు సరుకుగా చట్టబద్ధంగా చేతులు మారుతుంది. గొట్టం మారినది, అంకెలు కలవనిది, గరుకు కాగితం పడినది కావడం వలన ఇది అక్కడ కూడా మేలురకం కాదు. మన దేశంలో లెక్క వేరు. .303 సైనిక తూటా కనుక ఆ తుపాకి సామాన్య పౌరునికి నిషిద్ధ శ్రేణిలోనిది. వేటకు, పొలం కావలికి లైసెన్సు మీద దొరికే .315 అందుకే వేరుగా పుట్టింది. 1959 నాటి ఆయుధాల చట్టంలో 45వ సెక్షను పాతబడిన నమూనాలకు, పురావస్తు విలువ గలవాటికి, చెడిపోయినవాటికి మినహాయింపు ఇస్తుంది. దానికి ఒక షరతు ఉంది. మరమ్మతు చేసినా చేయకపోయినా అది ఇక పేలడానికి పనికిరానిదై ఉండాలి. గోడకు వేలాడే జామగి తుపాకికి ఇది వర్తించవచ్చు. గ్రీజులో భద్రంగా చుట్టిన త్రీ నాట్ త్రీకి వర్తించదు. నిషిద్ధ ఆయుధం దగ్గర ఉంచుకుంటే 2019 సవరణ తరువాత శిక్ష 7 నుండి 14 సంవత్సరాలు. దగ్గర ఉంచుకునే హక్కు లేని ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా ఠాణాలో అప్పగించాలని 21వ సెక్షను చెప్తుంది. నూరేళ్లు దాటినవి పురావస్తువుల కిందికి వస్తాయి. 1972 నాటి చట్టం ప్రకారం వాటిని వ్యక్తులు దేశం దాటించకూడదు. కనుక ఎవరైనా లక్షల లెక్క చెప్పితే నమ్మవద్దు. ముద్రలు చెరపవద్దు, అంగాలు విప్పవద్దు, ఎవరికీ అమ్మజూపవద్దు. మంచి న్యాయవాదిని వెంటబెట్టుకొని అప్పగించి, రశీదు తీసుకోండి. తాత పేరిట లైసెన్సు పుస్తకమో పాత రశీదో పెట్టెలో ఉంటే దానిని మాత్రం భద్రపరచండి. చరిత్రకారునికి తుపాకి కంటే ఆ కాగితం విలువైనది.

మేమూ అట్లాగే చేశాం. న్యాయవాది దొరికిన తీరు ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టాడు. ఎవరు పెట్టారో తెలియదని రాస్తే సరిపోతుందని, ముసలమ్మను ఇబ్బంది పెట్టనక్కరలేదని అనుకున్నాం. ఆమె ఒప్పుకోలేదు. తానూ వస్తానని కారెక్కింది. ఠాణాలో మనుమని వయసున్న అధికారి ఆమెకు కుర్చీ వేయించాడు. తుపాకిని అటూ ఇటూ తిప్పి, ఇటువంటివాటిని తాను శిక్షణలోనే చూశానని అన్నాడు. మణికట్టు మీది అంకెలను నేను చదివి చెప్తుంటే రాసుకున్నాడు. 1917, బి.ఎస్.ఎ., గొట్టం 56.

"ఇది ఇంట్లో పెట్టినది ఎవరమ్మా?" అని అడిగాడు.

ఆమె తన మరిది పేరు, తండ్రి పేరుతో సహా, మొత్తంగా చెప్పింది. ముప్పయి ఏళ్లకు పైగా ఆ ఇంట్లో ఎవరూ పైకి పలకని పేరు. సరిగ్గా వినబడలేదేమో, అతను మళ్లీ అడిగాడు. ఆమె ఈసారి ఇంకా గట్టిగా చెప్పింది. అతను రాసుకున్నాడు.

"సరిగ్గ రాసినవా బిడ్డా? ఒకసారి సదువు" అంది.

అతను చదివాడు.